నడిచే మోటారును విప్పని మేస్త్రి

టైర్ల కొట్టుకీ తాళాలు చేసేవాడి బడ్డీకీ మధ్య ఇరుక్కున్న మోటార్ వైండింగ్ షాపులో ఇరవై రెండేళ్ళుగా ఒకే బల్ల ముందు కూర్చుంటున్న మనిషిని ఆ వీధంతా మేస్త్రి అనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. మాట తక్కువ మనిషి. చేతిలో రాగి తీగ ఉన్నప్పుడు పలకరిస్తే అసలే పలకడు, ఎందుకంటే లోపల చుట్లు లెక్కపెడుతుంటాడు. నాలుగు చుట్లు తప్పితే మోటారు వేడెక్కుతుంది, పది తప్పితే కాలి కూర్చుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు పొగరనుకుంటారు. పాతవాళ్ళు మాత్రం "అరవై దాటనివ్వండి, మాట్లాడతాడు" అని స్టూలు లాక్కుని కూర్చుంటారు. అరవై అంటే ఆయన వయసు కాదు లెండి, చుట్లు.

పని నేర్పిన గురువు కోపిష్ఠి. "మోటారు తిరుగుతున్నంతకాలం దాని జోలికి పోకు. చెడిందే బల్ల ఎక్కాలి. నడిచేదాన్ని విప్పినవాడు మేస్త్రి కాదు, హంతకుడు" అనేవాడు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, పదహారేళ్ళ వయసులో మన మేస్త్రికి ఆ మాట చెవికెక్కలేదు. ఒక పిండిమర మోటారు బయట ఉండే కండెన్సరు మార్పించుకోవడానికి వచ్చింది. ఆ పని అయిపోయాక, లోపల తీగ ఎలా చుట్టారో చూద్దామని సరదాకొద్దీ మూత విప్పాడు. స్క్రూడ్రైవరు జారి తీగ మీది వార్నిష్ పూత వెంట్రుకంత గీసుకుపోయింది. మర్నాడు సాయంత్రానికి ఆ మోటారు మాడి మసై తిరిగొచ్చింది. గురువు కొట్టలేదు, తిట్టలేదు. వారం రోజులు మాట్లాడలేదంతే. ఆ వారం మేస్త్రి ఎముకల్లో ఇంకిపోయింది. తర్వాత తన షాపు తను పెట్టుకున్నాక కూడా, ఊరికే ఒకసారి విప్పి చూడమని ఎవరైనా అడిగితే "తిరుగుతోందా? తిరగనివ్వండి" అని వచ్చినదారినే పంపించేవాడు.

పెళ్ళయ్యాక భార్య కూడా షాపులోకి వచ్చింది. వెనక గదిలో కూర్చుని కాయిళ్ళ కింద పరిచే కాగితాలు కత్తిరించేది, కాయిళ్ళ కొసలు దారంతో బిగించి కట్టేది, చుట్టిన మోటారును వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో పెట్టేది. కట్టడంలో ఆవిడ చెయ్యే గట్టిదని టైర్ల కొట్టాయన మేస్త్రి ముందే అనేవాడు. పని విషయంలో మేస్త్రి ఆమె మాట తీసెయ్యడు. ఇంటి విషయాలకొస్తే మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇద్దరు కొడుకులు. పెద్దోడికి ఎనిమిది, చిన్నోడికి ఐదు. పెద్దోడు బడి నుంచి రాగానే బల్ల పక్కన చేరి తండ్రితో పాటు చుట్లు లెక్కపెట్టేవాడు. తండ్రి ఎక్కడైనా తడబడితే అంకె అందించేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి మందబుద్ధి అయిపోయాడు. దారం తెమ్మంటే కాగితం తెచ్చేవాడు. నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి పలికేవాడు. పుస్తకంలో అక్షరాలు గీత దిగి పక్కదారి పట్టాయి. క్లాసు టీచరు పిలిపించి, "అబ్బాయికి బొత్తిగా శ్రద్ధ లేదండీ, ఇంట్లో గారం ఎక్కువైనట్టుంది" అంది. గారం అన్న మాట మేస్త్రికి గుచ్చుకుంది. ఆ సాయంత్రం స్కేలు తీసుకుని అరచేతుల మీద నాలుగు వేశాడు. పెద్దోడు ఏడవలేదు. ఎందుకు కొడుతున్నారో తెలియనట్టు చూశాడు. నిజంగానే వాడికి తెలియలేదని తర్వాత అర్థమైంది. ఆ నాలుగు దెబ్బల సంగతి మేస్త్రి ఇప్పటికీ నోరు తెరిచి ఎవరితోనూ అనడు.

చెవుల డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు. కళ్ళ డాక్టరు అద్దాలు రాశాడు. అద్దాలు పెట్టుకున్న పదో రోజున పెద్దోడు బడి మెట్లు దిగుతూ కాలి ముందున్న మెట్టు కనబడక పడిపోయాడు. అప్పుడు పెద్దాసుపత్రికి పంపించారు, అక్కడ తలకి స్కాన్ తీశారు.

నరాల డాక్టరమ్మ గదిలో గోడల నిండా ఏనుగులూ కుందేళ్ళూ అంటించి ఉన్నాయి. ఒక మూల పసిపిల్లల్ని తూచే బల్ల, దాని మీద మడిచిన తెల్ల గుడ్డ. డాక్టరమ్మ ముందు మేస్త్రి ఏం పని చేస్తాడో అడిగింది. చెప్పగానే ఆమె ముఖం కొంచెం తేలికపడింది. "అయితే మీకు చెప్పడం సులువు. మీ రాగి తీగ మీద పూత ఉంటుంది కదా, అలాగే మన నరాల మీద కూడా కొవ్వు పూత ఒకటి ఉంటుంది. మైలిన్ అంటాం. బాబుకి పుట్టుకతో వచ్చిన లోపం వల్ల ఒక రకం కొవ్వు ఒంట్లో కరగకుండా పేరుకుపోతోంది. దాంతో మెదడులో ఆ పూత కాలిపోతోంది. వెనక భాగం చాలావరకు పోయింది."

మేస్త్రి ఆలోచించాడు. పూత పోతే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. "విప్పేసి మళ్ళీ చుట్టొచ్చా?" అని అడిగాడు.

డాక్టరమ్మకి ఆ ప్రశ్న వెంటనే అందలేదు. అందాక తల అడ్డంగా ఊపింది. మార్పిడి వైద్యమొకటి ఉంది గానీ పెద్దబాబుకి సమయం దాటిపోయిందని చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. మేస్త్రి గోడ మీద ఏనుగుల్ని చూస్తూ కూర్చున్నాడు, అవి పదకొండు. లోపల ఏదో ఒక తీగ తెగినట్టయింది, అంతే, నొప్పి కూడా లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది ఆ తర్వాత మాట. ఈ లోపం తల్లి ద్వారా కొడుకులకి వస్తుందట, తండ్రికి సంబంధం లేదట. చిన్నబాబు రక్తం కూడా చూడాలట. తల్లి ఒళ్ళోని సంచీ జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. బయట వరండాలో చిన్నోడు నర్సు కుర్చీని గిరగిరా తిప్పుతూ నవ్వుతున్నాడు.

రెండు వారాలకి చిన్నోడి సంగతి తేలింది. వాడికీ ఉంది. స్కాన్‌లో మెదడు వెనకవైపు తెల్లటి మచ్చ, చిన్నది, డాక్టరమ్మ వేలు పెట్టి చూపిస్తే గానీ కనబడలేదు. పిల్లాడు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు. ఉదయం ఆసుపత్రికి వస్తూ తండ్రి కంటే ముందు బస్సెక్కి కిటికీ సీటు పట్టాడు.

"ఇదే సరైన సమయం," అంది డాక్టరమ్మ. "పిల్లాడి ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయి. గట్టి మందులిచ్చి వాటిని ఖాళీ చేస్తాం. వాటి చోట ఇంకొకరి మూలకణాలు ఎక్కిస్తాం. అవి పెరిగి, కొన్ని మెదడుకి చేరి, ఈ కాలడాన్ని ఆపుతాయి. అన్నదమ్ములైతే బాగా కలుస్తారు గానీ, అన్నకీ ఇదే జబ్బు. తల్లి కూడా పనికిరాదు. బయట దాతల్లో కలిసినవాళ్ళు లేరు. మీవి సగం కలుస్తాయి, అది చాలు. మీ సంతకం కావాలి, మీ కణాలూ కావాలి."

"ప్రమాదం ఉందా?"

"దాచను. పదిమందిలో ఒకరిని ఆ మందులో, తర్వాత వచ్చే జ్వరాలో తీసుకుపోవచ్చు."

"అయితే పెద్దోడికి చెయ్యండి," అన్నాడు మేస్త్రి. "చెడింది వాడికి కదా."

డాక్టరమ్మ ఓపిగ్గా మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఇది కాలుతున్నదాన్ని ఆపుతుంది, కాలిపోయినదాన్ని తిరిగివ్వదు. ఆపడం కూడా వెంటనే కాదు, కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలలు పెద్దబాబు దగ్గర లేవు, ఆ మందులకి తట్టుకోలేడు కూడా. మేస్త్రి అంతా విన్నాడు. విని, "చిన్నోడు తిరుగుతున్నాడు కదమ్మా. వాణ్ణి విప్పనివ్వను" అని లేచాడు.

చెప్పకూడదు గానీ, పోలిక చెప్పి మంచిపని చేశాననుకుంది డాక్టరమ్మ. రాగి తీగ అని ఆవిడ ఒక్క ముక్క అంటే, మేస్త్రి దాని వెనక మొత్తం షాపుని లాక్కొచ్చాడు. చెడిన మోటారు వరుసలో ముందుంటుంది. తీగ ఎంత మాడినా, విప్పి కొత్తది చుడితే కొత్తదానిలా తిరుగుతుంది. నడిచేదాన్ని ముట్టుకోకూడదు. ఇందులో ఏ ఒక్కటీ పిల్లల తలకాయలకి పనికిరాదు. చెప్పి ఒప్పించే మొనగాడెవడు?

ఇంటికొచ్చాక మూడు నెలలు గడిచాయి. డాక్టరమ్మ రెండుసార్లు ఫోను చేయించింది. మొదటిసారి ఆలోచిస్తున్నామన్నాడు. రెండోసారి ఫోను బల్ల మీద మోగుతుంటే చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. భార్య సంగతి అడకత్తెరలో పోకచెక్కే. తన వల్లే వచ్చిందని ఒకపక్క, తనేమీ ఇవ్వలేనని ఇంకోపక్క. ఆమె కాగితాలు కత్తిరించేది, దారం కట్టేది, ఇంటికెళ్ళి పెద్దోణ్ణి చూసుకునేది.

పెద్దోడికి మొదట చూపు పోయింది. తర్వాత మాటలు ఒక్కొక్కటే పోయాయి, 'అమ్మా' చివరిదాకా ఉంది. నడక పోయింది. ఒకరోజు నీళ్ళు తాగబోతే గొంతులో దిగక పొలమారి ముఖం నీలమైంది, ఆ తర్వాత ముక్కులో గొట్టం వేశారు. ఇవన్నీ మేస్త్రి కళ్ళముందే జరిగాయి. వాణ్ణి స్నానానికి ఎత్తుకెళ్ళేది ఆయనే, ఒళ్ళు తుడిచేది ఆయనే. వీధిలో ఎవరైనా "పెద్దబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగితే "ఉన్నాడు" అనేవాడు. బాధపడుతున్నాడా అంటే, ఏమో, ఆయనకే తెలియదు. ఒకరోజు అతుకులు వేసే కడ్డీ ముంజేతికి ఆనుకుని చర్మం కాలుతుంటే, వాసన వచ్చాక చూసుకున్నాడు. చూసుకుని, చెయ్యి తీసి, మళ్ళీ పనిలో పడ్డాడు. టైర్ల కొట్టాయన చూసి మందు రాయబోతే "పర్లేదులే" అన్నాడు.

ఆ వారంలోనే ఒక బేకరీ వాళ్ళ పిండి కలిపే మోటారు వచ్చింది. తిరుగుతోంది, చప్పుడు కూడా లేదు. ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోందని తెచ్చారు. తీగ పూత ఎంత గట్టిగా ఉందో చూసే మెగ్గర్ అనే పెట్టె ఒకటుంటుంది. మేస్త్రి దాని కొసలు తగిలించి చూసి, ముల్లు పడిపోయిందని మోటారు విప్పాడు. శుభ్రం చేసి వార్నిష్‌లో ముంచమని భార్యకిచ్చాడు. ఆమె ముంచింది, ఓవెన్‌లో పెట్టింది, తలుపు వేసింది. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి బల్లకి ఎదురుగా నిలబడింది.

"ఆ మోటారు తిరుగుతూనే ఉంది కదా. ఎందుకు విప్పావు?" అని అడిగింది.

"మెగ్గర్ పడిపోయింది. లోపల చెమ్మ పట్టింది."

"అలాగే వదిలేస్తే?"

"నెల తిరక్కుండా కాలిపోతుంది."

"కాలిపోయాక ముంచితే?"

"కాలాక ముంచితే ఏం లాభం? ముంచడమనేది..." అని మేస్త్రి ఆగిపోయాడు.

"చిన్నోడి స్కాన్ నువ్వూ చూశావు," అంది ఆమె.  కాగితాల దగ్గరికెళ్ళి కత్తెర తీసుకుంది.

మేస్త్రి చేతిలో తీగ అలాగే ఉంది. ఎన్ని చుట్లయ్యాయో గుర్తులేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి కాయిల్ మొత్తం విప్పి నేల మీద పడేశాడు. గురువు చెప్పింది ఒకటి పట్టుకుని వేలాడాడు గానీ, అదే షాపులో అదే చేత్తో నెలకొకసారి చేసే ఇంకో పని ఎందుకు గుర్తు రాలేదు? పెద్దోడికి పనికొచ్చే మాటని పట్టుకున్నాడు, చిన్నోడికి పనికొచ్చేదాన్ని వదిలేశాడు. భయమేసింది ఆయనకి. ఆ మూడు నెలల్లో మొదటిసారి.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళారు. మళ్ళీ స్కాన్ తీశారు. మచ్చ పెరిగింది. డాక్టరమ్మ ఏమీ దెప్పలేదు. "ఇంకా అవకాశం ఉంది, అంచుల్లో ఉన్నాం" అని కాగితాలు ముందుకు జరిపింది. ఆమె ఎక్కడెక్కడ వేలు చూపిస్తే అక్కడల్లా మేస్త్రి సంతకం పెట్టాడు.

ఐదు రోజులు మేస్త్రికి సూదులు పొడిచారు, మూలకణాలు రక్తంలోకి దిగడానికి. నడుమూ తుంటీ లోపలినుంచి సలిపాయి. ఆ నొప్పి ఆయనకి బాగానే అనిపించింది, ఏదో ఒకటి తెలుస్తోంది కదా అని. తర్వాత ఒక చేతినుంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి, రెండో చేతిలోకి ఎక్కించారు, ఐదు గంటలు. మిగిలిందల్లా ఒక చిన్న సంచీ. "ఇంతేనా?" అన్నాడు మేస్త్రి. "ఇంతే, ఎక్కువే వచ్చింది" అంది నర్సు.

చిన్నోణ్ణి గాజు తలుపు గదిలో ఉంచారు. లోపలికి ఒక్కరే వెళ్ళాలి, తల్లి వెళ్ళింది. పెద్దోడి దగ్గర మేస్త్రి వదిన వచ్చి కూర్చుంది. మందులకి చిన్నోడి జుట్టు రాలింది, నోరంతా పుళ్ళు లేచాయి, ఉమ్మి కూడా మింగలేకపోయాడు. నిన్నటిదాకా బస్సు కిటికీకి పోట్లాడిన పిల్లాడు వాడు. మేస్త్రి గాజు ఇవతల నిలబడి చూశాడు. నేనే విప్పాను అనుకున్నాడు. ఎక్కించిన రోజు సంచీ అరగంటలో అయిపోయింది. తొమ్మిదో రోజు జ్వరం పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు, డాక్టరమ్మ కూడా ముఖం తిప్పుకుని మాట్లాడింది. పద్దెనిమిదో రోజున తెల్లకణాలు లేచాయి, అవి తండ్రివేనని పరీక్షలో తేలింది. అది విన్న తల్లి గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. మేస్త్రికి సంతోషం రావాలి, రాలేదు. షాపుకెళ్ళి తలుపులు తీశాడు.

డాక్టరమ్మ ముందే చెప్పినట్టు జబ్బు వెంటనే ఆగలేదు. ఇంటికొచ్చిన నాలుగో నెలలో చిన్నోడు ఎడమ భుజం తలుపులకి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. కంచంలో ఎడమ సగం తినకుండా వదిలేసి, అయిపోయిందని లేచేవాడు. పరీక్ష చేస్తే, రెండు కళ్ళలోనూ ఎడమవైపు చూపు పోయిందన్నారు. కంటి తప్పు కాదు, మెదడులోది. ఆ తర్వాత ఇంకేమీ పోలేదు. ఏడాది నిండాక మళ్ళీ స్కాన్ తీశారు. మచ్చ కొంచెం పెరిగింది గానీ, దాని అంచుల్లో ఇప్పుడు కాలుతున్న జాడ లేదు.

"ఆగింది," అంది డాక్టరమ్మ. ఈసారి నిజంగా నవ్వింది. "వీడు బడికెళ్తాడు, పెద్దవాడవుతాడు."

మేస్త్రి కుర్చీలోంచి లేవలేదు. "ఎడమపక్క చూపు ఆ మూడు నెలల వల్ల పోయిందా?" అని అడిగాడు.

 డాక్టరమ్మ మూడు ఫిల్ములూ పక్కపక్కన దీపం మీద పెట్టింది, మొదటి రోజుది, మూడు నెలల తర్వాతది, ఇప్పటిది. "మొదటి రోజే చేసినా కొంత పెరిగేదే. ఎంతన్నది ఎవరూ చెప్పలేరు," అంది. ఆమె చెప్పడం అయిపోయినా మేస్త్రి ఆ ఫిల్ముల వైపే చూస్తున్నాడు. మోటార్లు చూసే కన్ను అది, దానికి వేలు పెట్టి చూపించాల్సిన పన్లేదు. రెండోదానికీ మూడోదానికీ తేడా కొంచెం. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఎక్కువ.

ఇంటికొచ్చేసరికి భార్య పెద్దోడి గొట్టంలోకి పాలు పోస్తోంది. విషయం చెప్పాడు, ఆగిందన్నది ముందు, ఫిల్ముల సంగతి తర్వాత. "నేనే పోగొట్టాను" అన్నాడు.

ఆమె పాలు పొయ్యడం ఆపలేదు. "నీ ఒక్కడిదే కాదు," అంది. "ముంచే మోటారు మాట నాకు మొదటి వారమే తట్టింది. మనకి నెలకొకటి వస్తూనే ఉంటాయి కదా. తట్టినా నోరు మూసుకున్నాను. నువ్వు మొండికేస్తే వాళ్ళే దిగొచ్చి, ముందు పెద్దోడికే చేస్తారేమోనని. నువ్వు వద్దంటుంటే నాకు లోపల హాయిగా ఉండేది." గొట్టం మూత బిగించి, పెద్దోడి మూతి తుడిచింది. మేస్త్రి ఖాళీ పాలగిన్నె తీసుకెళ్ళి కడిగి పెట్టాడు. 

చిన్నోడు గుమ్మంలో కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుని బస్సు బొమ్మ వేస్తున్నాడు. మేస్త్రి వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"నాన్నా, నేను కూడా అన్నలా పడుకుంటానా?" అన్నాడు వాడు, బొమ్మ మీంచి తల ఎత్తకుండా.

"లేదు. నీది ఆగిపోయింది."

"మరి ఇటుపక్క కనబడదా ఇంక?"

"కనబడదు."

"ఎందుకని?"

జబ్బు వల్ల అని చెప్పొచ్చు. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాడు, అది అబద్ధం కూడా కాదు. "డాక్టరమ్మ నిన్ను వెంటనే తీసుకురమ్మంది," అన్నాడు మేస్త్రి. "నేను తీసుకెళ్ళలేదు. మూడు నెలలు ఆపాను."

చిన్నోడు బస్సుకి చక్రం గీస్తూ ఆలోచించాడు. "అన్నకి ముందు చెయ్యాలనా?" అని అడిగాడు.

మేస్త్రి అవునన్నట్టు తలూపాడు. పిల్లాడు ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు. అప్పుడు గాని ఆయనకి తను వాడి ఎడమపక్కన కూర్చున్నట్టు తెలియలేదు. "అవును" అన్నాడు పైకి.